గాజులమ్మ గీసిన టీకా కార్డు

గద్వాల నుంచి మల్దకల్ పోయే ఆటోల్లో, లోపల సీటు ఖాళీగా ఉన్నా వెనక సామాను పెట్టే చోట కాళ్లు వేలాడేసుకుని కూర్చునే ఆడమనిషి ఒకామె ఉంది. ఒళ్లో గాజుల గంప, గంప మీద గళ్ల తుండు, భుజాన గుడ్డసంచి. పేరు మెహబూబీ. యాభై దాటాయి. లోపల కూర్చుంటే పక్కవాళ్ల మోచేతులు గంపకు తగులుతాయని ఆమె భయం. వెనకైతే గుంత వచ్చినప్పుడల్లా గంపను రెండు చేతులతో పైకెత్తి పట్టుకోవచ్చు. ఆటోవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టి ఆ చోటు ఆమెకే వదిలేస్తారు.

ముప్పై ఏళ్లుగా ఆమె పని ఇదే. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఊరు. ఎవరిదైనా చెయ్యి పట్టుకుని వేళ్ల కణుపుల దగ్గర ఒకసారి నొక్కిందంటే "రెండు ఆరు" అనో "రెండు ఎనిమిది" అనో సైజు చెప్పేస్తుంది. గాజు ఎక్కిస్తున్నంతసేపూ మనిషిని మాటల్లో పెడుతుంది. అత్త మీద చాడీ చెబుతుంటే మధ్యలో నొప్పి తెలియదని ఆమె అనుభవం. చాడీ అయిపోయేసరికి డజను గాజులు మణికట్టు మీద ఉంటాయి.

చదువు రాదు. కానీ గుడ్డసంచిలో ఒక నోట్‌బుక్కు ఉంటుంది. ఎవరికి ఏ సైజు, ఎవరు ఏ రంగు తెమ్మన్నారు, ఏ ఇంట్లో పెళ్లి, ఏ ఇంట్లో పసిపిల్లకు తొట్టెల పండుగ, అన్నీ అందులో బొమ్మలే. ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంది. ఒక ఇంటికి ఒంటికొమ్ము మేక, ఒక ఇంటికి విరిగిన నిచ్చెన, ఒక ఇంటికి గోడ మీద పిల్లి. గుర్తు పక్కన ఒక సున్న. సున్న పెద్దదైతే చెయ్యి లావని అర్థం. సున్నలో పెన్సిలుతో నింపిన రంగే ఆ ఇంటివాళ్లు అడిగిన గాజుల రంగు.

ఆమెకు చదువు రాకపోవడానికీ, బొమ్మలు రావడానికీ కారణం ఒకటే. తమ్ముడు పర్వేజ్.

వాళ్ల అమ్మానాన్నలు జాతరల్లో గాజులు అమ్మేవాళ్లు. మల్దకల్ జాతర అయితే శ్రీరంగాపూర్ రథం, అది అయితే ఇంకో ఊరు. ఎక్కడా పది రోజులు నిలిచింది లేదు. పర్వేజ్‌కు రెండేళ్లప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది కానీ కుడికాలు మళ్లీ లేవలేదు. పోలియో అన్నారు. చుక్కలు వేయించలేదా అని దవాఖానలో వాళ్లమ్మను అడిగారు. ఏ ఊళ్లో చుక్కలు వేసినా, వేసిన రోజున వాళ్లు ఆ ఊళ్లో లేరు. అంతే.

అప్పుడు మెహబూబీకి తొమ్మిదేళ్లు. కాలు పోయాక వాళ్లు తిరుగుడు మాని ఒక ఊళ్లో నిలిచారు. పర్వేజ్‌ను బడిలో వేసినప్పటి నుంచి ఆమె చంకనెత్తుకుని తీసుకుపోయి, సాయంత్రం దాకా బడి అరుగు మీద కూర్చుని, మళ్లీ చంకనెత్తుకుని తెచ్చేది. లోపల తమ్ముడు అక్షరాలు దిద్దుతుంటే బయట ఆమె పంతులు పారేసిన సుద్దముక్కలతో బండ మీద కనిపించిందల్లా గీసేది. పర్వేజ్‌కు చంకకర్రలు వచ్చేదాకా, అంటే నాలుగేళ్లు, ఆమె బడి అదే. ఇప్పుడు పర్వేజ్‌కు గద్వాలలో జిరాక్స్ దుకాణం ఉంది, భార్య నిఖత్ ఉంది, వెనక రెండు అదనపు చక్రాలున్న స్కూటర్ ఉంది. ఆపా అని పిలుచుకునే అక్క నోట్‌బుక్కులకూ రంగు పెన్సిళ్లకూ లోటు రానివ్వడు.

మల్దకల్ దాటాక రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు పోతే ఒక కంకర క్వారీ. దాని పక్కన ఇరవై ఆరు గుడిసెలు. బండలు కొట్టి బతికేవాళ్లవి. పని ఉన్నన్నాళ్లు అక్కడ ఉంటారు, లేకపోతే మూటలు కట్టుకుని వనపర్తి వైపో నాగర్‌కర్నూల్ వైపో పోతారు. చుట్టుపక్కలవాళ్లు ఆ చోటును బండమీది గుడిసెలు అంటారు. సుత్తె పట్టే చేతులకు గాజులు నిలవవు కాబట్టి మెహబూబీకి అక్కడ బేరం ఎప్పుడూ ఉంటుంది. బుధవారం అక్కడికి పోయే రోజు.

రెండేళ్ల కిందట, ఎండలు ముదరకముందు ఒక బుధవారం ఆమె పోయేసరికి నీళ్ల ట్యాంకు పక్కన కొత్తగా ఒక ఫ్లెక్సీ ఉంది. కానీ దాని మీద గోనెపట్టా కప్పి, తాడుతో గట్టిగా కట్టేశారు. అక్కడి గుడిసెలన్నిటికీ పెద్దదిక్కు లాంటి జములమ్మ ట్యాంకు కింద బిందె కడుగుతోంది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం క్వారీ అవతలికి వినిపిస్తుంది.

"గది ఏం బొమ్మ అత్తా, పట్టా కప్పిండ్రు?" అని అడిగింది మెహబూబీ.

"నువ్వే చూడు బూబమ్మా" అని జములమ్మ పట్టా అంచు పైకెత్తింది.

అమ్మ, నాన్న, వాళ్ల మధ్య ఒక పాప. ముందర మూతికి గుడ్డ కట్టుకున్న డాక్టరు. ఆయన చేతిలో సూది, పాపంత పొడవు. కింద వరుసగా ముగ్గురు చిన్నపిల్లల బొమ్మలు, ఒక్కొక్కరి మీద ఎర్రగా అడ్డంగా కొట్టేసిన గీతలు. మిగతాదంతా అక్షరాలు.

"సమజైందా?" అంది జములమ్మ. "అమ్మ, అయ్య, ఒక్కటే పిల్ల. ఎనకట దవాఖాన గోడ మీద గిట్లనే ఉండె, ఆపరేషన్ జేసుకోమని. గిప్పుడు ఆపరేషన్ లేకుండ సూదితోనే పిల్లలు కాకుండ జేస్తరంట. కింద చూడు, పుట్టకుండ జేసిన పిల్లల మీద కొట్టేసిండ్రు."

మెహబూబీ బొమ్మను చాలాసేపు చూసింది. ఆమెకూ అక్షరాలు రావు. బొమ్మ మాత్రం జములమ్మ చెప్పినట్టే ఉంది.  కానీ పర్వేజ్ కాలు గుర్తొచ్చి, గంప అక్కడే దింపేసి క్వారీ ఆఫీసు రేకుల షెడ్డు వైపు నడిచింది. బుధవారం బుధవారం నర్సమ్మ అక్కడ కూర్చుంటుందని ఆమెకు తెలుసు.

నర్సమ్మ పేరు మమత. ముప్పై నాలుగేళ్ల మనిషి. వనపర్తి ఆడపడుచు, గద్వాలలో కాపురం. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్కన నీలం రంగు ఐసు డబ్బా పెట్టుకుని ఎదురుచూస్తోంది. పొద్దున్నుంచి ఎవరూ రాలేదు. బండమీది గుడిసెల్లో రెండేళ్లలోపు పిల్లలు పదిహేడు మంది. అందులో టీకాలు వేయించుకున్నది నలుగురు.

"పిలిస్తే లోపలికి పోయి తలుపేసుకుంటున్నరు అక్కా" అంది మమత. "ఏం జేసిననో నాకు తెల్వదు. ఫ్లెక్సీ గూడ పెట్టిచ్చినం."

"ఫ్లెక్సీ పెట్టిండ్రు గనకనే వస్తలేరు సిస్టరమ్మా" అంది మెహబూబీ.

మమత ఐసు డబ్బా తీసుకుని లేవగా ఇద్దరూ ట్యాంకు దగ్గరికి వచ్చారు. మెహబూబీ పట్టా తీయించి, తన తుండును అక్షరాల మీదికి అడ్డంగా పట్టింది. "గిప్పుడు చూడు. నీకు చదువు రాదనుకో. బొమ్మ ఒక్కటే చూడు."

మమత చూసింది. ఆమె రోజూ చూసే ఫ్లెక్సీయే. పై ఆఫీసు నుంచి వస్తే ఆమే కట్టించింది. అక్షరాలు పోయాక అందులో పాపంత సూది, ముఖం కనిపించని మనిషి, కొట్టేసిన పిల్లలు మిగిలారు. "రోగాలు రావొద్దని కొట్టేసిన గుర్తక్కా అది" అని మెల్లగా అంది. "పిల్లలను కాదు."

"నువ్వు చెప్తే తెలిసింది. నువ్వు చెప్పకముందు నేను గూడ పిల్లలనే అనుకున్న."

మమత తానే పట్టా మళ్లీ కప్పింది. తర్వాత మెహబూబీ సంచిలోంచి పైకి కనిపిస్తున్న నోట్‌బుక్కు మీద ఆమె చూపు పడింది. అడిగి తీసుకుని తిప్పింది. మేకలు, నిచ్చెనలు, పిల్లులు, సున్నలు. ఇది ఏమిటి, అది ఏమిటి అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. ఒక పేజీలో ముఖం లేకుండా బాగా తెరిచిన నోరు ఒక్కటే ఉంది, లోపల కొండనాలుకతో సహా.

"ఇది ఎవరి ఇల్లు?"

మెహబూబీ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "జములమ్మది."

మమత నవ్వాపుకోలేక ఐసు డబ్బా మీద కూర్చుంది. నవ్వు తగ్గాక అడిగింది. "అక్కా, నాకొక బొమ్మ గీసిస్తవా? ఏ వయసుకు ఏ టీకానో, చదువు రానోళ్లకు తెల్వాలె."

ఆ శుక్రవారం మధ్యాహ్నం పర్వేజ్ దుకాణంలో జిరాక్స్ మిషన్ పక్కన చాప పరుచుకుని కూర్చున్నారు. మమత లెక్క చెప్పింది. పుట్టగానే ఒకటి. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు ఒక్కోసారి. తొమ్మిది నెలలు నిండినంక ఒకసారి. పదహారు నెలలప్పుడు మళ్లీ.

"నెలలు ఎవ్వరు లెక్కపెడతరు బండ మీద?" అంది మెహబూబీ. "పిల్ల ఏం జేస్తుందో చెప్పు. నెలన్నరకు నవ్వుతది. తర్వాత పిడికిలి నోట్ల పెట్టుకుంటది. మూడు నెలలు దాటితే మెడ నిలుస్తది. తొమ్మిది నెలలకు పాకుతది. తర్వాత నడుస్తది. గవి గీస్త. తల్లికి వేరే చెప్పేది లేదు."

ఒక్కో బొమ్మ కింద ఒక్కో గాజు గీసింది. పుట్టిన పిల్లకు చిన్న గాజు, నడిచే పిల్లకు పెద్ద గాజు. పిల్లలకు నల్లగాజులు వేసే ఊళ్లు అవి. పాత గాజు బిగుసుకుందంటే కొత్త సైజు కావాలని ప్రతి తల్లికీ తెలుసు. టీకా వేయగానే మమత ఆ గాజులో రంగు నింపాలి. ఖాళీ గాజు ఉందంటే టీకా బాకీ ఉన్నట్టు. ఏ రంగు నింపాలో తల్లినే చెప్పమనాలన్నది నిఖత్ ఆలోచన. నర్సులకు కావలసిన టీకాల పేర్లు, తారీఖులు వెనక వైపు రాసుకోవచ్చునంది మమత.

సూది దగ్గర పేచీ వచ్చింది. సూది గీయనేవద్దంది మెహబూబీ. "దాన్ని చూసే కదా పారిపోతున్నరు."

"దాస్తే ఎట్లక్కా" అంది మమత. "వచ్చినంక సూదే కనిపిస్తది. మోసం జేసిండ్రు అంటరు. ఉన్నంతనే గీయి."

కాసేపు ఆలోచించి మెహబూబీ తల్లి ఒళ్లో పిల్లను గీసింది. తల్లి చెయ్యి పిల్ల వీపు మీద. నర్సమ్మ ముఖానికి గుడ్డ లేదు. చేతిలో సూది అసలు సూదంతే, వేలు కన్నా సన్నం. తర్వాత మమత ఇంకో మాట చెప్పింది. ఏడాది కిందట ఒక పాపకు టీకా వేస్తే జ్వరం వచ్చింది, అది మామూలే, తగ్గిపోయింది. కానీ వస్తుందని ముందు చెప్పే తీరిక ఆనాటి నర్సమ్మకు లేకపోయింది. అందుకని జ్వరాన్ని కూడా గీయమంది. మెహబూబీ తడిగుడ్డ వేసుకుని పడుకున్న పాపను గీసి, మరునాటికి తగ్గుతుందని చెప్పడానికి పక్కన సూర్యుణ్ని పెట్టింది.

తర్వాతి బుధవారం ఆ కాగితాన్ని నోట్‌బుక్కులో పెట్టుకుని జములమ్మ గుడిసె ముందు కూర్చుంది. ముందుగా ఏమీ చెప్పొద్దని మమత గట్టిగా చెప్పింది. చేతికి గాజులు ఎక్కిస్తూ కాగితం జములమ్మ ముందర పెట్టి, "ఇవేం బొమ్మలు అత్తా, చూసి చెప్పు" అంది.

జములమ్మ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "మొదలు మూట. బట్టలు మూటగట్టి ఊరు పోతున్నరు." అది గుడ్డలో చుట్టిన పసిపిల్ల. "తర్వాత పిల్ల. గింతంత పిల్లకు పండ్లున్నయేంది? పీనుగు పిల్ల లెక్క ఉంది." నవ్వే పిల్లకు మెహబూబీ పళ్లు పెట్టింది మరి. "గిది మేకపిల్ల." అది పాకే పాప. "గీ పిల్లకు ఎండదెబ్బ తగిలింది. సూర్యుడు నెత్తి మీదున్నడు."

మెహబూబీ చిన్నబుచ్చుకోలేదు. అదే గంపకు ఆనుకుని కూర్చుని అక్కడికక్కడే చెరిపి దిద్దింది. గుడ్డ మూటకు ముఖం తెచ్చింది. పళ్లు తీసేసింది. పాకే పాపకు మొలతాడు కట్టి, నెత్తిన పిలక పెట్టింది. సూర్యుణ్ని తుడిచి ఏం గీయాలో తోచక పెన్సిలు కొరుకుతుంటే జములమ్మే అంది, "తెల్లారిందని జెప్పాల్నంటే కోడిని పెట్టరాదూ." కోడిని పెట్టింది. జ్వరం రెండు రోజులు కూడా ఉండొచ్చని మమత చెప్పింది కాబట్టి రెండు కోళ్లు పెట్టింది.

అప్పుడే జములమ్మ నోట్‌బుక్కు తిప్పింది. ఇళ్ల గుర్తులు ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోయింది. మేక, నిచ్చెన, పిల్లి. నోరు దగ్గర ఆగింది.

"గిది ఎవరు?"

మెహబూబీ గంపలో గాజులు సర్దసాగింది. చుట్టూ చేరిన ఆడవాళ్లందరూ ఒకేసారి పమిటలు నోటికి అడ్డం పెట్టుకోవడంతో జములమ్మకు జవాబు అవసరం లేకపోయింది. ఆ పూట ఆమె గొంతు క్వారీలో పనిచేసే మగవాళ్లకు కూడా వినిపించింది. మెహబూబీ పేజీ మీద కొత్తగా కోడిపుంజు గీసిచ్చాక గానీ శాంతించలేదు. కానీ ఆ గోలలో ఒక మేలు జరిగింది. బొమ్మల కాగితం ఇరవై ఆరు గుడిసెలూ తిరిగింది. తప్పులు దిద్దేవాళ్లు ఎక్కువయ్యారు. ఊయల ఇట్లా కట్టరని ఒకామె, నీళ్లబిందె లేకుండా అది మా గుడిసె కాదని ఇంకొకామె. ఎవరి గుడిసె గుర్తు వాళ్ల కార్డు మీద ఉండాలన్నారు. నాలుగు బుధవారాలు పోయాక చూస్తే, బొమ్మలు మెహబూబీవే గానీ కార్డు వాళ్లదైంది.

ఇంతలో మమత చెప్పగా విని, ప్రచారం పనులు చూసే సారు ఒకాయన గద్వాలలో పర్వేజ్ దుకాణానికి వచ్చాడు. మంచివాడే. కార్డు చూసి మెచ్చుకున్నాడు, రంగుల్లో అచ్చు వేయిస్తానన్నాడు. అంతలో కౌంటర్ వెనక పర్వేజ్ లేచి నిలబడడం చూశాడు. ఆ కాలు ఫొటో తీసి పెద్ద ఫ్లెక్సీ వేద్దాం, టీకా వేయించకపోతే ఇట్లా అవుతుందని చూపిద్దాం, దెబ్బకు అందరూ వస్తారన్నాడు.

మెహబూబీ టీ గ్లాసు కింద పెట్టింది. ఏదో అనబోయింది గానీ పర్వేజ్ ముందు మాట్లాడాడు.

"సార్, ఫొటో తీస్తే కాలు ఒక్కటే కనిపిస్తది. నేను కనిపించను. భయపడ్డోళ్లు దవాఖానకు రారు సార్, ఇంట్ల దాక్కుంటరు. ఒక ఫ్లెక్సీకి పట్టా కప్పింది సూసినం గదా."

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. సారీ కూడా చెప్పాడు. కార్డులు మందపాటి కాగితం మీద అచ్చు వేయిస్తానన్న మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. కార్డు తడవకుండా ప్లాస్టిక్ కవరు, మేకుకు తగిలించుకోవడానికి దారం, ఇవి పర్వేజ్ పని.

కార్డులు పంచేరోజు పర్వేజ్ అక్కను వెనక కూర్చోబెట్టుకుని తన స్కూటర్ మీద తానే తీసుకొచ్చాడు. బండల మధ్య స్కూటర్ పోయినంత దూరం పోయింది. అక్కడి నుంచి చంకకర్రలతో నడిచాడు. పసిపిల్లలున్న గుడిసెలకు గుర్తు చూసి కార్డు ఇస్తుంటే, చివర గుడిసెలో మల్లేశ్ అనే అతను తీసుకోలేదు. ఏడాది కిందట జ్వరం వచ్చిన పాప అతనిదే. ఇప్పుడు ఇంట్లో మూడు నెలల కొడుకున్నాడు.

"మంచిగున్న పిల్లకు జరం తెప్పిచ్చిండ్రు" అన్నాడు మల్లేశ్. "రెండు దినాలు ఇద్దరం పనికి పోలేదు. మల్లొకసారి నాతోని గాదు."

పర్వేజ్ వాదించలేదు. గుమ్మం పక్కన బండ మీద కూర్చుని, కార్డులో తడిగుడ్డ వేసుకున్న పాపనూ రెండు కోళ్లనూ వేలితో చూపించాడు. "జరం వస్తదని ముందుగాల్నే గీసిండ్రు సూడు. నీ బిడ్డను సూసే గీసిండ్రు. అప్పుడు జెప్పకపోవుడు తప్పే."

మల్లేశ్ కార్డు అందుకుని చూశాడు. తర్వాత కర్రల వైపు చూశాడు. "నీకేమైంది అన్నా?"

అడిగాడు కాబట్టి పర్వేజ్ చెప్పాడు. జాతరల సంగతి, ఊరూరూ తిరగడం, చుక్కలు తప్పిపోవడం. మెహబూబీ పక్కనే నిలబడి వింది. ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోని సంగతి అది. "మా అమ్మది తప్పు లేదు" అన్నాడు పర్వేజ్. "ఎప్పుడు వెయ్యాల్నో ఆమెకు తెల్వది. తెలిసినరోజు మేము ఇంకో ఊర్ల ఉంటిమి. మీరు గూడ తిరిగేటోళ్లే. గీ కార్డు మీతోనే వస్తది. ఏ ఊర్ల సూపిచ్చినా ఏస్తరు."

 మల్లేశ్ కార్డును లోపలికి తీసుకుపోయి భార్యకిచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు పర్వేజ్‌కు చెంబుతో నీళ్లు తెచ్చాడు.

 రోడ్డెక్కాక స్కూటర్ వెనక కూర్చున్న మెహబూబీ అడిగింది. "అమ్మ మీద నీకు కోపం లేదా?"

"అమ్మ మీద ఎందుకు ఆపా? నన్ను ఎత్తుకుని ఎత్తుకుని నీ నడుము వంకరైంది, దానికి నీకు నా మీద కోపం ఉందేమో అనుకున్న" అన్నాడు పర్వేజ్. ఆమె వెనక నుంచి వీపు మీద ఒకటి వేసింది. చిన్నప్పటి నుంచీ ఆమె జవాబు అదే.

ఆ తర్వాతి బుధవారం మెహబూబీ పనిగట్టుకుని ముందే వచ్చింది. రేకుల షెడ్డు దగ్గర మొదట జములమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో మనవడితో. ఆమె వెనక తొమ్మిది మంది. పిల్లలకు ఏడుపులు తప్పలేదు. కానీ సూది తీయగానే తల్లులు కార్డు ముందుకు చాపి రంగుల గొడవలో పడ్డారు. ఆకుపచ్చ కావాలని ఒకరు, మా పక్కింటివాళ్లది ఆకుపచ్చ కాబట్టి మాకు ఎరుపు కావాలని ఒకరు. మమతకు టీకాలు వేయడానికి పట్టిన సమయం కన్నా రంగులు నింపడానికి ఎక్కువ పట్టింది. మల్లేశ్ భార్య పదో మనిషి. మల్లేశ్ రాలేదు. కానీ షెడ్డు వెనకాల కంకర గుట్ట దగ్గర సుత్తె ఆపి నిలబడి చూస్తుండడం మెహబూబీకి కనిపించింది. కొడుకు ఏడుపు ఆగాకే సుత్తె మళ్లీ మోగింది.

ఆ రాత్రి నాలుగిళ్లలో పిల్లలకు ఒళ్లు వెచ్చబడిందట. పరేషాన్ అయినవాళ్లు లేరు. కోళ్లు రెండున్నాయి కదా అని జములమ్మే అందరికీ చెప్పుకుంటూ తిరిగిందని మమత ఫోన్‌లో చెప్పింది. చలికాలం వచ్చేసరికి పదిహేడు మందిలో పదిహేను మంది కార్డుల్లో గాజులు నిండుతూ వచ్చాయి. మిగిలిన రెండు కుటుంబాలు అప్పటికే పని వెతుక్కుంటూ పోయాయి.

ఆ రెండింటి కోసం మమత చాలా రోజులు బెంగపడింది. సంక్రాంతి పోయినంక ఒకరోజు శ్రీరంగాపూర్ వైపు పనిచేసే ఒక నర్సమ్మ ఆమెకు ఫోన్ చేసింది. రోడ్డు పనికి వచ్చిన ఒక తల్లి బిడ్డనెత్తుకుని వచ్చి, చేతిలో బొమ్మల కార్డు పెట్టి, నోటితో ఏమీ చెప్పకుండా ఖాళీ గాజు మీద వేలు పెట్టి చూపించిందట. "నాలుగు గాజులు రంగున్నయి, అయిదోది ఖాళీ, దాని మీద పాకే పిల్ల. వెనకకు తిప్పి తారీఖులు సూసిన. సరిగ్గ తొమ్మిది నెలలు నిండినయి. తట్టు టీకా ఏసిన" అంది ఆ నర్సమ్మ. "ఏసినంక నన్ను వదుల్తలేదు. పసుపు రంగు కావాల్నంట. నా దగ్గర నీలం పెన్ను ఒక్కటే ఉంది. ఏం జెయ్యమంటవ్?"

మమత ఆ మాట ఫోన్‌లో చెప్పినప్పుడు మెహబూబీ మల్దకల్‌లో ఒక పెళ్లింట్లో గాజులు వేస్తోంది. విని, చేస్తున్న పని ఆపి, కళ్లు తుడుచుకుంది. పెళ్లికూతురు తల్లి కంగారుపడి ఏమైందని అడిగితే, "ఏం లేదమ్మా, ఒక పిల్ల పాకుతుందంట" అంది. వాళ్లకు అర్థం కాలేదు. ఆమె విడమరచి చెప్పలేదు. ఆ పూట బేరం మీద ఆమె మనసు లేదు. పెళ్లికూతురికి సైజు తప్పు చెప్పింది, ముప్పై ఏళ్లలో మొదటిసారి.

పోయిన ఏడాది నాగర్‌కర్నూల్‌లో నర్సులకూ ఆశ కార్యకర్తలకూ ఒక మీటింగ్ పెట్టి మెహబూబీని పిలిచారు. ఎస్తేరమ్మ అని పెద్దనర్సు ఒకామె మైకు చేతికిచ్చి, ఇంత మంచి ఆలోచన ఎట్లా వచ్చిందో చెప్పమంది. మెహబూబీకి మైకు కొత్త. దాన్ని గాజుల గంప పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని చెప్పింది. "నాకు ఆలోచన రాలేదమ్మా. నేను గీసింది తప్పని ఆళ్లు చెప్పిండ్రు, నేను దిద్దిన. మీరు గూడ గీసినంక ఆళ్లకే సూపియ్యుండ్రి. మెచ్చుకునేటోళ్లకు సూపియ్యకుండ్రి, పండ్లు కనిపెట్టేటోళ్లకు సూపియ్యుండ్రి." పళ్ల సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది. చెప్పడం మొదలయ్యాక ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు. భోజనాలు గంట ఆలస్యమయ్యాయి. భోజనాలయ్యాక సగం మంది నర్సులు చేతులు చాపి సైజులు చెప్పించుకున్నారు. గంప తెచ్చుకోనందుకు ఆమె తిరుగు బస్సులో గద్వాల దాకా బాధపడుతూనే ఉంది.

ఇప్పుడు గర్భిణుల కోసం ఇంకో కార్డు గీస్తోంది. అది అంత తేలిగ్గా కుదరడం లేదు. కడుపుతో ఉన్న మనిషిని పక్క నుంచి గీస్తే కుండ మోస్తోందంటున్నారు, ఎదురుగా గీస్తే బాగా తిని లావైందంటున్నారు. మొన్న బుధవారం ఏడో కాగితం పట్టుకుని బండమీది గుడిసెలకు పోయింది. మల్లేశ్ భార్య చూసి, ముఖం బాగుంది గానీ ఈమె చేతులకు గాజులేవని అడిగింది. ముప్పై ఏళ్లుగా గాజులమ్మి, కడుపుతో ఉన్న మనిషిని వట్టి చేతులతో గీసినందుకు మెహబూబీ తనను తాను తిట్టుకుని, పెన్సిలు తీసి అక్కడే కూర్చుంది.